కొర్రలు తిన్నా, రోజూ నడిచినా బరువు 91 దగ్గరే ఆగింది. అన్నం మానకుండా దారి ఉందా?

మిర్చిలెక్కలు, గుంటూరు
8 సెప్టెంబర్ 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు పోస్టు, ఓపిక చేసుకోండి.

నాకు 44 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 91 కిలోలు. బొడ్డు మీదుగా టేపు చుడితే 108 సెంటీమీటర్లు. ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. మిర్చి సీజన్లో పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూలబడితే రాత్రి తొమ్మిదింటికి లేస్తాను. సీజన్ కాని రోజుల్లో ఆరింటికే లేస్తాను, అంతే తేడా.

పోయిన నెల రక్తపరీక్ష చేయించుకుంటే మూడు నెలల షుగర్ సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 248. బీపీ మాత్ర రెండేళ్లుగా వేసుకుంటున్నా. షుగర్ మాత్రలు ఇంకా రాయలేదు, "బరువు తగ్గండి, మూడు నెలలు చూద్దాం" అన్నారు. మా నాన్నకి షుగర్ వల్లే కాలి బొటనవేలు తీసేశారు. అందుకే ఈసారి నవ్వులాటగా తీసుకోలేదు.

ఇప్పటిదాకా పడ్డ పాట్లు. 2018లో ఊరంతా కొబ్బరినూనె డైట్ అంటుంటే నేనూ దిగాను. అన్నం ముద్ద ముట్టకుండా రెండు నెలల్లో 11 కిలోలు తగ్గాను. ఆఫీసులో శాలువా కప్పడం ఒక్కటే తక్కువ. తర్వాత మేనకోడలి ఓణీల ఫంక్షన్లో పులిహోర వాసనకి వ్రతభంగం అయింది. ఏడాది తిరిగేసరికి 13 కిలోలు పెరిగాను. అసలు పదకొండు, వడ్డీ రెండు.

ఈ ఏడాది జూన్ నుంచి రోజూ పొద్దున 45 నిమిషాలు నడుస్తున్నా. ఒక్క రోజు మానలేదు, వాన పడితే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కార్ల మధ్య తిరిగా. నెలన్నరగా మా ఆవిడ నాకు బియ్యం బదులు కొర్రలు వండుతోంది. ఇంత చేస్తే 91.4 నుంచి 91.0కి వచ్చింది. ఆ 400 గ్రాములు కూడా జుట్టు కత్తిరించుకున్నందుకే అని మావాడి అభిప్రాయం.

ఆస్పత్రిలో ఒక డైట్ కాగితం ఇచ్చారు. రెండు పుల్కాలు, పనీర్ 50 గ్రాములు, కీరా సలాడ్, మొలకలు, రాత్రికి సూప్. కాగితం మంచిదే అయ్యుండొచ్చు. కానీ ఇంట్లో అమ్మకి 70, ఇద్దరు పిల్లలు, మా ఆవిడ. ఐదుగురికి పప్పు, కూర, చారు దించే పొయ్యి మీద నాకొక్కడికి సూప్ ఎవరు కాస్తారు? మూడో రోజు నుంచి ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతానికి వేలాడుతోంది.

నా తిండి దాచకుండా రాస్తున్నా. పొద్దున ఇడ్లీ నాలుగు, కారప్పొడి, నెయ్యి. వారానికి రెండు రోజులు పూరీ. ఆఫీసులో నాలుగు టీలు, రెండేసి చెంచాల పంచదార. మధ్యాహ్నం క్యారియర్: అన్నం, పప్పు, వేపుడు, పెరుగు. సాయంత్రం బండి దగ్గర బజ్జీలు, వారంలో మూడు నాలుగు రోజులు. రాత్రి మళ్లీ అన్నం. ఆదివారం కోడి. మందు అలవాటు లేదు.

"అన్నం తగ్గించు, కూర ఎక్కువ తిను" అని చెప్పనివాళ్లు లేరు. తినబోతే రెండో ముద్దకి నోరు మండుతుంది, మళ్లీ అన్నం కలుపుకోక తప్పదు. మన తిండే, ఇంట్లో అందరితో పాటే తింటూ తగ్గినవాళ్లు మీలో ఉంటే ఎలా చేశారో చెప్పండి.

మానేరు_బిడ్డ, కరీంనగర్
8 సెప్టెంబర్, రాత్రి 11:15

అన్నా, నడుచుడు మంచిదే గని ఒక్క దాంతోని బరువు దిగదు. నీ అంత మనిషి 5 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది 300 క్యాలరీల దాక. బండి కాడ బజ్జీలు తింటే చెల్లుకు చెల్లు. జిమ్ముల చేరు, బరువులెత్తు. చేరుడు కాకుంటే ఇంట్లనే, చేతులు ఆనకుండ కుర్చీల నుంచి లేసుడు కూసునుడు, పది సార్లు, మూడు దఫాలు. గోడకు చేతులు వెట్టి దండీలు. వారానికి రెండు మూడు రోజులు చాలు. తిండి తగ్గిచ్చినప్పుడు కొవ్వుతోటి కండ గూడ పోతది. దాన్ని ఆపేది ఇదే.

తిండి సంగతంటవా, అన్నం బంద్ వెట్టు. రాత్రికి జొన్నరొట్టె. నేను ఆరు నెలల్ల 14 కిలోలు దిగిన.

మిర్చిలెక్కలు
8 సెప్టెంబర్, రాత్రి 11:22

తమ్ముడూ, నీ వయసెంత?

మానేరు_బిడ్డ
8 సెప్టెంబర్, రాత్రి 11:23

24 అన్నా.

మిర్చిలెక్కలు
8 సెప్టెంబర్, రాత్రి 11:24

అదీ సంగతి.

కూరగిన్నె, విజయవాడ
9 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:20

కరీంనగర్ బాబు లేవడం కూర్చోవడం గురించి చెప్పింది అక్షరాలా నిజం, అది పట్టుకోండి. అన్నం బంద్ అన్నది మాత్రం 24 ఏళ్ల మాట.

నా సంగతి చెప్తా. సత్యనారాయణపురంలో పదకొండేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నా. ఇప్పుడు నాకు 51. నాలుగేళ్ల కిందట 84 కిలోలు ఉండేదాన్ని, ఎత్తు చూస్తే 5 అడుగుల 1 అంగుళం. మా షాపుకి మెట్లు రెండే రెండు. అవి ఎక్కడానికి షట్టర్ పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు 67. ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాత రెండున్నరేళ్లుగా 66కీ 68కీ మధ్యే ఊగుతున్నా. రోజుకి తొమ్మిది గంటలు నిలబడే దాన్ని, అయినా లావయ్యా. నిలబడడం వ్యాయామం కాదని మోకాళ్లు అరిగాక తెలిసింది.

మీ పోస్టులో ఒక్క మాట దగ్గర ఆగిపోయా. "రెండో ముద్దకి నోరు మండుతుంది" అన్నారే, తమ్ముడూ, అసలు కిటుకు అక్కడే ఉంది.

మనం ఇంట్లో ఏమని అడుగుతాం? "ఇవాళ అన్నంలోకి ఏంటి?" అని. మన కూర కూరగా తినడానికి వండింది కాదు, చప్పటి అన్నానికి ఉప్పూ కారం అందించడానికి వండింది. గుప్పెడు వేపుడుతో పళ్లెం అన్నం లాగించగలిగితే వంట కుదిరింది అంటాం. మా షాపులో 200 గ్రాముల ప్యాకెట్ కడితే ఇంట్లో ఇద్దరు కలుపుకుంటారు. అలాంటి కూరని ఎక్కువ తినండి అంటే, ఆవకాయ గిన్నెడు తినమన్నట్టే. మీ నోటి తప్పు కాదు.

కాబట్టి అన్నం తగ్గించేముందు కూర మార్చాలి. ఈ వరస తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు, రెండుసార్లు నేనే తప్పా. అన్నం తగ్గుతుంది, కూర పెరగదు, కడుపు సగమే నిండుతుంది. సాయంత్రం నాలుగింటికి కాళ్లు వాటంతటవే బజ్జీల బండి దగ్గరికి నడుస్తాయి.

మా షాపు గుట్టు ఒకటి చెప్తా. దొండకాయ వేపుడు. 5 కిలోల కాయ వేస్తే దిగేది మూడు కిలోల లోపే, పద్నాలుగు ప్యాకెట్లు. ఆ వాయికి బాండీలోంచి తరిగిపోయే నూనె ముప్పావు లీటరు. ఎక్కడికి పోయింది? కాయలోకే. ప్యాకెట్‌కి దాదాపు 50 గ్రాములు. నూనె గ్రాముకి 9 క్యాలరీలు, మీరు లెక్కలాయన, మీరే వేసుకోండి. నేను ఆ వేపుడు రుచి చూసీ చూసీ, మిగిలింది ఇంటికి తెచ్చుకునీ 84 దాకా వెళ్లా.

ఇంట్లో ఇప్పుడు అదే దొండకాయ ఇలా చేస్తా. నలుగురికి ముప్పావు కిలో పైనే కాయలు, నిలువుగా నాలుగు చీలికలు. మందపాటి మూకుడులో ఒకే ఒక్క పెద్ద చెంచా నూనె. ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి ఆరు రెబ్బలు, కరివేపాకు. కాయలు వేసి పసుపు, మామూలుగా వేసే ఉప్పులో సగం. పల్లెంలాంటి మూత పెట్టి, మూత మీద నీళ్లు పోయాలి. ఇది మా అత్తగారి పద్ధతి. పైన నీళ్లుంటే లోపలి ఆవిరి చల్లబడి మళ్లీ కూర మీదే పడుతుంది, అడుగంటదు, నూనె అడగదు. పన్నెండు నిమిషాలకి కాయ మెత్తబడుతుంది. మూత తీసేసి, కదపకుండా సన్నసెగ మీద ఇంకో ఐదు నిమిషాలు వదిలేస్తే అంచులు ఎర్రగా వస్తాయి. చివర్లో వేయించిన వేరుశనగపొడి రెండు చెంచాలు, కారం అర చెంచా.

దించాక ఒక ముక్క ఉత్త నోట్లో వేసుకోండి. వెంటనే అన్నం గుర్తుకొచ్చిందా? ఉప్పుకారం ఇంకా ఎక్కువే. అన్నం గుర్తుకు రాకుండా రెండో ముక్కకి చెయ్యి వెళ్లిందా? కుదిరింది. బీరకాయ, సొరకాయ, క్యాబేజీ, చిక్కుడు, బెండకాయ, ఏదైనా ఇదే పరీక్ష. వంకాయ ఒక్కటి మొండిది, నూనె లేకుండా మాట వినదు. దాన్ని కాల్చి పచ్చడి చేసుకోండి.

ఇక అన్నం. మానొద్దు, తూచండి. నాలుగైదు వందలకి చిన్న కాటా వస్తుంది, కొనండి. రేపు క్యారియర్ కట్టాక మూత పెట్టకముందు అన్నం గిన్నె తూచమనండి. కొర్రలైనా సరే. పచ్చి వంద గ్రాములు తీసుకుంటే కొర్రలకీ బియ్యానికీ క్యాలరీల్లో పెద్ద తేడా లేదు. పీచు ఎక్కువ, మంచిదే, కానీ కొర్రలు కదా అని అదే గ్లాసుతో పోస్తే వచ్చే ఫలితం మీరు చూశారు.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకి 2000 క్యాలరీల పళ్లెం ఒకటి ఉంది. కూరగాయలు 400 గ్రాములు. బియ్యం, గోధుమ, చిరుధాన్యం అన్నీ కలిపి 250. పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 85. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. పండ్లు 100, గింజలు 35, నూనె 27. ధాన్యమూ పప్పూ వండకముందు తూకం. నేను దాన్ని పొయ్యి ఎదురుగా టైల్ మీద అంటించుకున్నా. కూరగాయలు ధాన్యం కంటే ఎక్కువ ఉన్నాయి చూశారా? నేను 84 ఉన్న రోజుల్లో మా ఇంట్లో సరిగ్గా తలకిందులుగా ఉండేది. మీరు తగ్గాలి కాబట్టి ధాన్యం 180 దగ్గర పెట్టండి: పొద్దున మూడు ఇడ్లీలకి 40, మధ్యాహ్నం పచ్చి బియ్యం 80, రాత్రి 60.

ఒక చిన్న కిటుకు. మనం ఒకే పూటలో మూడు నాలుగుసార్లు అన్నం పెట్టుకుంటాం. పప్పులోకి, కూరలోకి, చారులోకి, పెరుగులోకి. ప్రతిసారీ "ఇంకొంచెం" అంటాం. తూచిన అన్నం పప్పుకీ కూరకీ ఖర్చు పెట్టేయండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగు మజ్జిగ చేసుకోండి. పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టుండదని నాకూ తెలుసు. నేను మూడు వారాలు ఏడ్చా, తర్వాత నోరు మర్చిపోయింది.

పప్పు మాత్రం గట్టిగా ఉండాలి. పలచటి పప్పుచారులో పప్పు ఉండదు, చారే ఉంటుంది. 30 గ్రాముల కందిపప్పులో ఆరేడు గ్రాముల ప్రోటీన్, ఒక గుడ్డులో ఆరు. రోజూ ఒకటో రెండో గుడ్లు ఉడకబెట్టి క్యారియర్‌లో పడేయించుకోండి. పూరీ బదులు పెసరట్టు, ఉప్మా లేకుండా. టీలో పంచదార ఎనిమిది చెంచాలంటే 40 గ్రాములు, దాని సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

అన్నట్టు, మీ ఇంట్లో నెలకి నూనె ఎన్ని లీటర్లు? షాపుకొచ్చే వాళ్లందరూ "ఏ నూనె వాడతారండీ, గానుగదా?" అని అడుగుతారు. ఎంత వాడతారు అని పదకొండేళ్లలో ఒక్కరూ అడగలేదు. గానుగదైనా గ్రాముకి 9 క్యాలరీలే.

వాయి దించే టైమైంది, వెళ్తున్నా.

వరిపైరు, మిర్యాలగూడ
9 సెప్టెంబర్, రాత్రి 8:05

కొర్రల మాట వచ్చింది కాబట్టి బియ్యం గురించి ఒక్క ముచ్చట. మా దిక్కు ఆర్‌ఎన్‌ఆర్ 15048 పండిస్తం, తెలంగాణ సోనా అంటరు. సన్నబియ్యం, తిననీకె బాగుంటది, మిగతా రకాలకంటే రక్తంల షుగర్ నిమ్మళంగ పెంచుతదని పేరుంది. గని దుకాణాలల్ల సంచి మీద "షుగర్ ఫ్రీ బియ్యం" అని రాసి అమ్ముతున్నరు. షుగర్ ఫ్రీ బియ్యం అనేది లోకంల లేదు సార్. పండించేటోళ్లమే చెప్తున్నం. నిమ్మళంగ పెంచుతది అని డబుల్ తింటే ఏం ఫాయిదా? మా బాపు అట్లనే తిన్నడు, ఇప్పుడు ఇన్సులిన్ మీదున్నడు.

మందుచీటీ, రాజమండ్రి
9 సెప్టెంబర్, రాత్రి 9:30

ఫార్మసిస్టుని. మూడు ముక్కలు చెప్పి వెళ్తా.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా షుగర్ ముందు దశ, 6.5 నుంచి షుగర్. మీరు 6.1, గట్టు మీదే ఉన్నారు, వెనక్కి రావచ్చు. మనవాళ్లకి నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. వారంవారం బరువు చూసుకోండి, కానీ నెలకోసారి టేపు కూడా చూడండి. వ్యాయామం మొదలెట్టినవాళ్లకి కాటా కదలకపోయినా ఒక్కోసారి టేపు కదులుతుంది.

బరువు తగ్గితే బీపీ కూడా తగ్గుతుంది. లేవగానే కళ్లు తిరిగినట్టుంటే మాత్ర సొంతంగా ఆపేయకుండా డాక్టరుకి చూపించండి. ఇది చదివే వాళ్లలో షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లుంటే, అడగకుండా అన్నం సగం చేయకండి. షుగర్ పడిపోయి మా షాపు ముందే కూలిపోయిన మనిషిని చూశా.

బరువు తగ్గించే ఇంజెక్షన్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తున్నా. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. పనిచేస్తాయి. చీటీ లేకుండా ఇవ్వం. ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. వేసుకున్నా సరే, ఆ విజయవాడ అక్కగారి దొండకాయ తప్పదు.

మిర్చిలెక్కలు
10 సెప్టెంబర్, రాత్రి 10:10

అక్కా, నమస్కారం. కాటా ఇవాళే వచ్చింది. క్యారియర్లో కొర్రన్నం 520 గ్రాములు. రాత్రి పళ్లెంలో పెట్టుకున్న ప్రతిసారీ తూచా, నాలుగుసార్లకి కలిపి 480. అంటే రోజుకి కిలో అన్నం తింటున్నా! పచ్చి లెక్కలో 370 గ్రాముల దాకా, ఇడ్లీ కాకుండానే. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల టిక్కీల, అదే మిర్చి బస్తాల, తూకాలు రాస్తున్నా కానీ నా తూకం ఎప్పుడూ రాసుకోలేదు.

నూనె నెలకి ఆరు లీటర్లు, ఐదుగురికి. మనిషికి రోజుకి 36 గ్రాములు వచ్చింది. బజ్జీలు దీన్లో లేవు. మా ఆవిడకి ఈ లెక్క చూపిస్తే, "నూనె నేను తాగానా?" అని అరగంట మాట్లాడలేదు.

రేపటి నుంచి మొదలు. మూడు నెలలయ్యాక వచ్చి రాస్తా. మధ్యలో రాయను, రాస్తే గొప్పలు పోతా.

మిర్చిలెక్కలు
14 డిసెంబర్ 2025, ఉదయం 11:00

మాట ప్రకారం వచ్చా. 85.3 కిలోలు. నడుము 101. షుగర్ సగటు 5.8, ట్రైగ్లిజరైడ్లు 171. బీపీ మాత్ర అలాగే ఉంది.

జరిగింది జరిగినట్టు చెప్తా. మొదటి వారం బీరకాయ కూర అక్క చెప్పినట్టే వండారు. అమ్మ ఒక్క ముద్ద తిని పళ్లెం అవతలికి జరిపి, "ఇది జ్వరమొచ్చినోళ్ల పథ్యం. నాకేం వచ్చిందని?" అంది. పిల్లలు వంత పాడారు. రెండు రోజులు ఇల్లు ఉప్పుకారం మీద రెండుగా చీలింది. చివరికి మా ఆవిడే దారి కనిపెట్టింది. కూర అయ్యాక నా వంతు, తన వంతు ముందు తీసేస్తుంది. మిగిలిన దాంట్లో ఇంకో చెంచా నూనె, కారం వేసి రెండు నిమిషాలు తిప్పి వాళ్లకి దించుతుంది. ఒకే పొయ్యి, ఒకే కూర. సూప్ కాగితంలో లేనిది ఇదే. నవంబర్ వచ్చేసరికి మావాడు నా గిన్నెలో చెయ్యి పెట్టడం మొదలెట్టాడు. అమ్మ ఇప్పటికీ రాజీపడలేదు, 70 ఏళ్ల నోరు, పడనక్కర్లేదు.

నూనె ఆరు లీటర్ల నుంచి నాలుగుకి వచ్చింది. తను ఏమీ ప్రయత్నించకుండానే మా ఆవిడ మూడు కిలోలు తగ్గింది. ఇది నాకు కొంచెం మంటగా ఉంది.

బజ్జీలు పూర్తిగా మానలేదు. శుక్రవారం ఒక్క రోజు, రెండు. విచిత్రం ఏంటంటే క్యారియర్లో కూర పావుకిలో, గుడ్లు రెండు వెళ్తున్నాక నాలుగింటికి ఆకలి వేయడం లేదు. నేను ఇన్నాళ్లూ బజ్జీల మీద మోజు అనుకున్నా, అది ఆకలట.

కుర్చీ వ్యాయామం వారానికి మూడు రోజులు. మొదటి రోజు ఏడోసారికి తొడలు వణికాయి, మర్నాడు ఆఫీసులో మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకున్నా. ఇప్పుడు పదిహేనేసి మూడు దఫాలు, చేతుల్లో ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ పట్టుకుని. మానేరు బాబూ, ఇది నీ పుణ్యమే. పొద్దున నడక అలాగే ఉంది, రాత్రి తిన్నాక ఇంకో పదిహేను నిమిషాలు అదే పార్కింగ్‌లో.

కార్తీకమాసం వనభోజనాల్లో పట్టు తప్పింది. పులిహోర, పనసపొట్టు కూర, బూరెలు. బూరెలు ఎన్నో రాయను. మర్నాడు కాటా 1.2 కిలోలు ఎక్కువ చూపించింది. 2018 గుర్తొచ్చి గుండె జారింది. కానీ మర్నాటి మధ్యాహ్నం క్యారియర్లో మళ్లీ అదే 80 గ్రాముల బియ్యం, అదే సొరకాయ. వారం లోపే దిగిపోయింది, అందులో చాలామటుకు నీరేనట. అప్పుడు కొబ్బరినూనె వదిలాక తిరిగి వెళ్లడానికి నాకు మామూలు తిండి అంటూ ఏదీ లేకపోయింది. ఈసారి ఉంది.

అక్టోబర్ చివర మూడు వారాలు 87.5 దగ్గర కదల్లేదు. కాటా పాడైందని ఇంకోటి కొందామనుకున్నా. తీరా చూస్తే మా ఆవిడ అన్నం తూచడం మానేసి కళ్లతో అంచనా వేస్తోంది. కళ్లంచనా 80 గ్రాములు 115 అయింది!

అక్కా, ఇప్పుడు అసలు ప్రశ్న. సంక్రాంతి నెల రోజుల్లో ఉంది. మా ఇంట్లో అరిసెలు వండితే నేను లెక్కలేసుకునే మనిషిని కాదు. ఏం చెయ్యమంటారు? తూచి తినాలా?

మానేరు_బిడ్డ
14 డిసెంబర్, మధ్యాహ్నం 12:10

అన్నా జబర్దస్త్! నేను 3 కిలోలు పెరిగిన. జొన్నరొట్టె బోరు గొట్టింది. ఆ దొండకాయల మూత మీద నీళ్లు ఎన్ని పొయ్యాలె?

కూరగిన్నె
14 డిసెంబర్, మధ్యాహ్నం 3:45

బాబూ, ఒక గ్లాసు. ఇగిరిపోతే మళ్లీ పొయ్యి. వేడెక్కిన నీళ్లు పారబోయకు, కూర పొడిగా ఉంటే అవే లోపల చల్లుకో.

తమ్ముడూ, 108 నుంచి 101 అంటే ప్యాంట్లు కుట్టించుకోవాలి, ఆ ఖర్చు చెప్పలేదే! అరిసెలు తూచకండి. పండగ మూడు రోజులు తినండి, కనుమ నాడు డబ్బా అమ్మగారి గదిలోకి పంపేయండి. ఒక్క పని మాత్రం మీరే చెయ్యండి. మూకుట్లోంచి తీసిన అరిసెని చెక్కల మధ్య పెట్టి నొక్కుతారు కదా, ఆ నొక్కుడు ఆడవాళ్లకి వదలకండి. తొడలకి నీళ్ల క్యాన్ అయితే భుజాలకి అరిసెల చెక్కలు. గట్టిగా నొక్కి, కారిన నూనె కింద గిన్నెలో పట్టి, ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి. పోయిన సంక్రాంతికి మా ఇంట్లో అరవై అరిసెలకి ముప్పావు గ్లాసు వచ్చింది.